దేవుడు మనకేమవుతాడు?

*గోల్కొండ చెరలో ఉన్న భక్తుడు దేవుడికే లెక్కలు అప్పజెప్పాడు. ఓ శివభక్తురాలు లింగాన్ని ఒళ్లో పెట్టుకుని పాలు పట్టింది. కడపలో ముస్లింలు వెంకన్నను ఇంటి అల్లుడంటారు. గుళ్లో విగ్రహం అందరికీ ఒకటే అయినా, మనసులో ఎవరి బొమ్మ వారిదే. ఏం అడగాలో, ఎంత అడగాలో, అడిగింది దొరక్కపోతే ఏం చేయాలో నిర్ణయించేది ఆ లోపలి బొమ్మే.*

గోల్కొండ కోటలో రామదాసు బందీఖానా చూడ్డానికి వెళ్లినవాళ్లకు అక్కడి గోడ మీద చెక్కిన రాముడి పరివారం, హనుమంతుడి రూపాలు కనిపిస్తాయి. చెరలో ఉండగా రామదాసే, అంటే కంచర్ల గోపన్నే, వాటిని చెక్కుకున్నాడని చెబుతారు. నేలకొండపల్లిలో పుట్టి పాల్వంచ పరగణా తహసీల్దారైన గోపన్న, వసూలైన సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడన్నది నేరం. కుతుబ్‌షాహీల్లో చివరివాడైన అబుల్ హసన్ తానీషా (1672–1687) ఏలుబడి అది. పన్నెండేళ్లు చెరలో మగ్గాడని కథ.

ఆ చెరసాల కీర్తనల్లో ఒకటి అచ్చంగా జమాఖర్చుల చిట్టా. సీతమ్మకు చింతాకు పతకం, లక్ష్మణుడికి ముత్యాల పతకం, శత్రుఘ్నుడికి మొలతాడు, రాముడికి కలికితురాయి... దేనికెంత పడిందో ఏకరువు పెడతాడు. ఇదంతా మీ నాన్న ఇచ్చిందా, మీ మామ పంపిందా అని రాముణ్నే నిలదీస్తాడు. అంతా అయ్యాక, దెబ్బలు ఓర్చుకోలేక తిట్టాను, మనసులో పెట్టుకోకయ్యా అని అదే కీర్తనలో సర్దిచెబుతాడు. మరో కీర్తనలో సీతమ్మను బతిమాలుకుంటాడు. ఏకాంతంలో ఉన్నప్పుడు మీ ఆయనకు నా సంగతి కాస్త చెప్పమ్మా అని ఆ మొర సారాంశం. తండ్రి దగ్గర పని కావాలంటే ముందు తల్లి చెవిన వేయాలన్న కిటుకు తెలుగు పిల్లలందరికీ తెలిసిందే. అమ్మవారి ద్వారానే స్వామి దయ దొరుకుతుందన్న శ్రీవైష్ణవ సిద్ధాంతానికి ఇంటి భాషలో రూపం ఇది.

ఇంత తిట్టినా, గోపన్న రాముడితో మాట మానలేదు. ఉన్నాడు, చూస్తున్నాడు, పలకడం లేదు. అదీ అతని బాధ. అయినవాడి మీద అలిగినట్టు అలిగాడు. అంత చనువు అతనికి ఎక్కడిదంటే, అతని మనసులోని రాముడు సింహాసనం మీది చక్రవర్తి కంటే ముందు నగలు పెట్టుకుని మురిసే ఇంటివాడు. ఆ బొమ్మే వేరుగా ఉంటే కీర్తనలూ వేరుగా ఉండేవి. అసలు ఉండేవే కావేమో.

ఎవరి కొలత వారిది

గోపన్నకు రెండు శతాబ్దాల ముందే తాళ్లపాక అన్నమయ్య (1408–1503) ఈ సంగతిని తేల్చి చెప్పాడు. రాగిరేకుల మీదకెక్కి, తిరుమల ఆలయంలోని భండారంలో శతాబ్దాల పాటు నిద్రపోయిన ఆయన సంకీర్తనల్లో ఒకటి ఇవాళ కచేరీల్లోనూ పెళ్లిపందిళ్లలోనూ మోగుతోంది. వైష్ణవులు విష్ణువంటారు, వేదాంతులు పరబ్రహ్మమంటారు, శైవులు శివుడంటారు, కాపాలికులు భైరవుడంటారు, శాక్తేయులు శక్తి అంటారు. ఎవరు ఎంత మేరకు తలిస్తే వారికి అంత మేరకే నువ్వు అని స్వామితో అంటాడు. కొలనులో నీళ్లు ఎంత ఎత్తుంటే తామర అంత ఎత్తుకు లేస్తుందన్నది ఆయన ఇచ్చిన పోలిక.

క్రీస్తు పూర్వం ఆరో శతాబ్దపు గ్రీకు తాత్త్వికుడు జెనోఫనీస్‌కూ ఇలాంటి ఆలోచనే వచ్చింది. ఎద్దులకూ గుర్రాలకూ చేతులుండి బొమ్మలు గీయగలిగితే తమ దేవుళ్లను ఎద్దుల్లా, గుర్రాల్లా గీసుకునేవని ఆయన ఎత్తిపొడిచాడు. మనిషి తన రూపాన్నే దేవుడికి తొడుగుతున్నాడని ఇద్దరూ గమనించారు. జెనోఫనీస్ అక్కడ వెక్కిరింతకు దిగితే, అన్నమయ్య శరణు కోరాడు. నా తలపు చిన్నదే, అయినా దానిలో ఇమిడేంత దయ నీకుందని ఆయన ధీమా. మనిషి శ్రద్ధ ఎలాంటిదో మనిషీ అలాంటివాడేనని భగవద్గీత పదిహేడో అధ్యాయం చెబుతుంది. దాసుడు తనను ఎలా భావిస్తే తాను అతనికి అలాగే ఉంటానని అల్లాహ్ అన్నట్టు ప్రవక్త చెప్పిన హదీసు ఒకటి ముస్లింలలో ప్రసిద్ధం.

అయితే ఈ మాటకు మరో వైపు కూడా ఉంది. తలపును బట్టే దేవుడైతే, తలపు ఇరుకైనప్పుడు దేవుడూ ఇరుకైపోతాడు. మనసులోని బొమ్మ ఓదార్చనూ గలదు, కాల్చుకు తిననూ గలదు.

వరస కలుపుకున్నాక...

పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో ముగ్ధ భక్తుల కథలు చెప్పాడు. వాళ్లు శాస్త్రం చదవలేదు. తోచినట్టు కొలిచారు. బెజ్జ మహాదేవికి ఓ రోజు ఒక దిగులు పట్టుకుంది. అందరికీ తల్లి ఉంది, శివుడికి లేదే! ఉంటే కొడుకును జడలు కట్టనిస్తుందా, బూడిద పూసుకోనిస్తుందా, విషం తాగుతుంటే చూస్తూ ఊరుకుంటుందా? ఇక తనే తల్లి అయింది. నలుగు పెట్టింది, నీళ్లు పోసింది, పాలు పట్టింది. బిడ్డ పాలు తాగకపోతే గొంతులో ఏ నలత చేసిందోనని గుండెలు బాదుకుంది.

దేవుణ్ని బిడ్డ అనుకున్నాక కోరికల జాబితా చదవడం కుదరదు. పసివాణ్ని ఎవరు ఏం అడుగుతారు? వాడికి ఆకలేస్తుందేమో, దిష్టి తగులుతుందేమో అన్న బెంగే భక్తి అవుతుంది. అదే శివుడికి తిన్నడు కన్ను పీకి పెట్టాడు. వేటగాడికి నెత్తుటి గాయం కనిపిస్తే వైద్యమే తోస్తుంది, మంత్రం తోచదు. శ్రీకాళహస్తికి వెళ్లేవాళ్లు ముందుగా తలుచుకునే కన్నప్ప అతనే.

ఇక వరసలు కలపడంలో మనవాళ్లను మించినవాళ్లు లేరు. ఉగాది నాడు దేవునికడప లక్ష్మీవేంకటేశ్వరుడి గుడికి ముస్లిం కుటుంబాలు వస్తాయి. తమ ఆడపడుచు బీబీ నాంచారిని పెళ్లాడిన వెంకన్న తమ ఇంటి అల్లుడని వాళ్ల లెక్క. టెంకాయ కొట్టి మొక్కు చెల్లించి వెళతారు. దేవుడి స్వరూపం మీద పండితులు ఎన్ని వాదాలు చేసినా, అల్లుడన్నాక మర్యాద చేయాల్సిందే.

ఆషాఢంలో హైదరాబాద్‌లో ఈ వరస తిరగబడుతుంది. గోల్కొండ జగదాంబిక దగ్గర మొదలై సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళికీ, ఆపై పాతబస్తీ లాల్‌దర్వాజాకూ సాగే బోనాల్లో అమ్మవారు పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ. తోడుగా తమ్ముడు పోతురాజు. ఇంటికొచ్చిన బిడ్డకు వండిపెట్టినట్టే బోనం వండి తెస్తారు. మర్నాడు రంగమనే భవిష్యవాణి వేడుకలో పచ్చికుండ మీద నిలబడ్డ మహిళ నోట అమ్మ పలుకుతుంది. వానలు పడతాయో లేదో చెబుతుంది. తనకు జరిగిన లోటు కూడా చెబుతుంది. పుట్టింటి మీద అలిగే హక్కు ఆడబిడ్డకు ఎప్పుడూ ఉంది. అక్కడ నాయకులూ అధికారులూ అందరితో పాటు చేతులు జోడించి ఆ మందలింపు వింటారు. గోల్కొండ చెరలో భక్తుడు దేవుణ్ని తిడితే, బోనాల్లో దేవతే భక్తుల్ని తిడుతుంది.

అప్పులున్న స్వామి

మన నేల మీద అందరికంటే ధనవంతుడైన దేవుడు అప్పులపాలైనవాడని స్థలపురాణం చెబుతుంది. ఆకాశరాజు కూతురు పద్మావతిని పెళ్లాడటానికి శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర అప్పు చేశాడు. కలియుగం ముగిసేదాకా వడ్డీ కడుతూనే ఉండాలి. అందుకే వడ్డికాసులవాడయ్యాడు. హుండీలో వేసే రూపాయి ఆ వడ్డీకేనని మన తాతలు చెప్పేవారు. పెళ్లి కోసం అప్పు చేయని ఇల్లు మన ఊళ్లలో ఎన్ని ఉంటాయి? కూతురి పెళ్లికి పొలం తాకట్టు పెట్టిన రైతు ఏడుకొండలెక్కి నిలబడితే, ఎదురుగా ఉన్నది తన బాధ ఎరిగినవాడే. పుచ్చుకోవడానికి వచ్చిన చేయి అక్కడ ఇచ్చే చేయి కూడా అవుతుంది. దేవుడికి సాయం చేశామన్న తృప్తితో కొండ దిగడం భక్తుడి ఆత్మగౌరవానికి సంబంధించిన సంగతి.

అదే బాలాజీ, హైదరాబాద్ శివార్లలోని చిలుకూరులో మరో రకంగా ఉంటాడు. అక్కడ హుండీయే లేదు. కోరికతో పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూట ఎనిమిది. అమెరికా చదువులకు వెళ్లే పిల్లలు బారులు తీరడంతో ‘వీసా బాలాజీ’ అన్న పేరొచ్చింది. నవ్వుకోవచ్చు గానీ, ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఆ వారంలో ప్రపంచమంతా కాన్సులేట్ కిటికీ దగ్గరే ఆగిపోతుంది. అతని దేవుడు ఆ కిటికీకి అవతల లేకపోతే ఎలా? చిక్కల్లా తర్వాత వస్తుంది. వీసా తిరస్కరించారు. ఇప్పుడు ఆ స్వామి ఏమవుతాడు? పని చేసిపెట్టడానికే ఉన్న దేవుడు పని జరగనప్పుడు మాయమైపోతాడు. అతనిలో మరో బొమ్మ కూడా ఉంటే, కనీసం అలగడానికైనా గుడికి వెళతాడు.

ఆ ముఖం ఎవరు గీశారు?

ఇంతకీ కళ్లు మూసుకుంటే కనిపించే ఆ ముఖం ఎక్కడిది? చాలామందికి అది అచ్చయిన కాగితం నుంచి వచ్చింది. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో లితో ముద్రణాలయం పెట్టాక, గుడి గడప తొక్కనివ్వని కులాలవారి ఇళ్లలోకీ లక్ష్మీ సరస్వతులు నడిచి వెళ్లారు. దర్శనానికి పూజారి అనుమతి అక్కర్లేకపోయింది. ఆ తర్వాత సినిమా వచ్చింది. ‘మాయాబజార్’ (1957)లో కృష్ణుడిగా, ‘శ్రీవేంకటేశ్వర మహాత్మ్యం’ (1960)లో శ్రీనివాసుడిగా, ‘లవకుశ’ (1963)లో రాముడిగా ఎన్టీఆర్ నిలబడ్డాక తెలుగువాళ్ల మనసులో దేవుడికి ఒక ముఖం స్థిరపడిపోయింది. తిరుపతి యాత్ర ముగించుకున్న బస్సులు మద్రాసులో ఆయన ఇంటి ముందు ఆగేవి. అది అమాయకత్వమే కావచ్చు. కానీ అసలు తిరుమల మూలవిరాట్టుకు ఫొటో తీయనివ్వరు. మనం పటంలో చూసేదంతా చిత్రకారుల చేతి పనే. పెద్ద తిరునామం స్వామి కళ్లను చాలావరకు కప్పేస్తుంది. గురువారం నామం సన్నబడి నేత్రదర్శనం దొరికినప్పుడు తప్ప, ఆ చూపులో దయ ఉందో ఆగ్రహం ఉందో ఎవరికి వాళ్లు ఊహించుకోవాల్సిందే.

బొమ్మ ఒక్కసారి మనసుకెక్కినంత మాత్రాన నిలవదు. రోజూ చేసే పనితోనే అది గట్టిపడుతుంది. తిరుమలలో సుప్రభాతంతో స్వామిని మేల్కొలుపుతారు. రాత్రి ఏకాంతసేవలో తాళ్లపాకవారి లాలి పాడి, తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాల హారతి ఇచ్చి పడుకోబెడతారు. లేపడం, తినిపించడం, జోకొట్టడం రోజూ జరిగే చోట దేవుడు సిద్ధాంతంగా మిగిలిపోడు. మానవ శాస్త్రవేత్త తాన్యా లూర్మన్ 2012లో వెలువరించిన పుస్తకంలో, అమెరికా ఎవాంజెలికల్ క్రైస్తవులు దేవుడితో మాట్లాడటాన్ని ఎలా సాధన చేస్తారో రాశారు. వాళ్లలో కొందరు తమ కాఫీతో పాటు దేవుడి కోసం రెండో కప్పు కూడా పోసి, ఎదురుగా కూర్చున్నట్టే కబుర్లు చెబుతారు. మన నైవేద్యానికి అది దూరపు చుట్టమే.

బొమ్మ లేని చోట కూడా...

విగ్రహం లేనంత మాత్రాన మనసు ఖాళీగా ఉండదు. ములుగు జిల్లా మేడారంలో రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి జరిగే జాతరలో సమ్మక్క సారలమ్మలకు విగ్రహాల్లేవు. గద్దెలున్నాయి. చిలకలగుట్ట నుంచి కోయ పూజారులు సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో తెస్తారు. భక్తులు తమ ఎత్తు బంగారం తూచి ఇస్తారు. అక్కడ బంగారమంటే బెల్లం. కాకతీయుల సేనను ఎదిరించి పోరాడిన తల్లులని అందరికీ తెలుసు కాబట్టి ముఖం చెక్కాల్సిన అవసరం రాలేదు. ఇస్లాం రూపాన్ని పూర్తిగా కాదంది. దాని బదులు తొంభైతొమ్మిది నామాలనిచ్చింది. కరుణామయుడన్న పేరును ఎక్కువగా తలుచుకునేవాడి నమాజుకూ, లెక్క తీసేవాడన్న పేరునే తలుచుకునేవాడి నమాజుకూ లోపలి తీరు ఒకలా ఉండదు. విగ్రహం ఉన్న చోటైనా అంతే: విజయవాడ గుణదల కొండమీది మేరీమాతకు ఫిబ్రవరిలో తలనీలాలిచ్చి కొబ్బరికాయలు కొట్టే భక్తులు, తల్లి దగ్గర ఎలా ఉండాలో తమ నేల నేర్పిన పద్ధతిలోనే ఉంటారు.

కష్టం అడిగే ప్రశ్న

దేవుడంటే మనిషి పెద్దగా చేసి చూసుకున్న తండ్రేనని మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ రాశాడు. అర్జెంటీనాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మనోవిశ్లేషకురాలు అనా మరియా రిజుటో 1979లో ఆ మాటను సవరించారు. తండ్రి ఒక్కడే కాదు, తల్లి, అవ్వాతాతలు, పిల్లలు కోరుకున్న ప్రేమ, దొరకని ప్రేమ అన్నీ కలిసి ఆ బొమ్మ తయారవుతుందన్నారు. మతం బోధించే దేవుడు ఎదురుపడేసరికే బిడ్డ దగ్గర సొంత దేవుడొకడు సిద్ధంగా ఉంటాడు. వయసుతో పాటు ఆ బొమ్మను దిద్దుకుంటూ పోవాలి. దిద్దుకోకపోతే నలభై ఏళ్ల మనిషి ఐదేళ్లనాటి దేవుడితోనే కాపురం చేయాలి, లేదా వదిలేయాలి.

మన ఐదేళ్లనాటి దేవుడు ఎలాంటివాడు? పుస్తకానికి కాలు తగిలితే ‘కళ్లు పోతాయి, లెంపలేసుకో’ అన్న మాటలో పుట్టినవాడు. ఆ భయంతో పెరిగినవారికి ఆస్పత్రి వరండాలో మొదట తట్టే ప్రశ్న ‘ఏ పాపం చేశానో’ అన్నదే. పలకరించడానికొచ్చిన బంధువులు ‘చేసుకున్న కర్మ’ అని మరో ముద్ద పెడతారు. ఇది మనసును కుంగదీయడంతో ఆగకపోవచ్చు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కెన్నెత్ పార్గమెంట్ బృందం, ఆస్పత్రిలో చేరిన 55 ఏళ్లు దాటిన రోగులు 596 మందిని రెండేళ్ల పాటు గమనించి 2001లో ఫలితాలు ప్రచురించింది. దేవుడు తనను వదిలేశాడనో, ప్రేమించడం లేదనో మథనపడినవారిలో మరణాల ముప్పు ఎక్కువగా కనిపించింది. అందుకు కారణం ఆ తలపేనని ఒక్క అధ్యయనంతో తేల్చలేం. అయినా ఆ తలపు ఎంత బరువైనదో ఊహించుకోవచ్చు.

మరి రామదాసూ వదిలేశావనే కదా ఏడ్చాడు? ఏడ్చాడు, కానీ వదిలేసినవాడితోనే చెప్పుకుని ఏడ్చాడు. దేవుడి గురించి తనలో తాను కుమిలిపోవడం వేరు, దేవుడి ముందే పంచాయితీ పెట్టడం వేరు. బైబిల్లో యోబు చేసిందీ రెండోదే. సిలువ మీద యేసు, నన్నెందుకు విడిచిపెట్టావని దేవుణ్నే అడిగాడు. పోతన భాగవతంలోని గజేంద్రుడైతే మొసలి నోట చిక్కి, ఉన్నాడంటున్నారే, నిజంగా ఉన్నాడా అని సందేహపడతాడు. అప్పటిదాకా తెలిసిన పేర్లేవీ ఆ ఏనుగు నోటికి రావు. ఈ లోకం ఎవరిలో పుట్టి ఎవరిలో కలుస్తుందో అతనే దిక్కు అంటుంది. పేరుపెట్టి పిలవలేదని, అంతటా తామే నిండిలేమని మిగతా దేవతలు ఊరుకుంటే, విష్ణువు లక్ష్మికైనా చెప్పకుండా పరుగెత్తుకొచ్చాడు. పాత బొమ్మ చాలనప్పుడు విశ్వాసం చచ్చిపోనక్కర్లేదు, పెద్ద బొమ్మకు చోటివ్వొచ్చు అన్న సంగతిని పోతన ఏనుగుతో చెప్పించాడు.

అలాగని చనువే సర్వం అనలేం. మన ఇష్టాలన్నిటికీ తలూపే దేవుడు, మనకు నచ్చనివాళ్లంటే తనకూ నచ్చని దేవుడు ప్రమాదకరం. అలాంటివాణ్ని పెట్టుకున్నవారికి తమ కోపం తమదని ఎన్నటికీ తెలియదు. పొరుగువాడి బొమ్మను పగలగొట్టడం కూడా భక్తేననిపిస్తుంది. మన మనసులోని దేవుడు సరైనవాడా కాదా తేల్చుకోవడానికి రెండు ప్రశ్నలు చాలు. మనం ఆయన్ను తిట్టగలమా? ఆయన మనల్ని తిట్టగలడా? మొదటిదానికి రామదాసు జవాబిచ్చాడు. రెండోదానికి ప్రతి ఆషాఢంలో పచ్చికుండ మీద నిలబడి అమ్మవారు జవాబిస్తోంది.

పిల్లలకు ఇస్తున్నదేమిటి?

బసవపురాణంలోనే గొడగూచి కథ ఉంది. తండ్రి ఊరికెళుతూ, రోజూ శివుడికి పాలు ఇవ్వమని కూతురికి అప్పగించాడు. పిల్ల గిన్నె పట్టుకెళ్లింది. శివుడు తాగడేం! బతిమాలింది, బుజ్జగించింది, నాన్న కొడతాడంది, ఏడ్చింది. చివరికి తల బాదుకోబోయింది. శివుడు వచ్చి పాలు తాగాడు. రోజూ తాగాడు. తండ్రి తిరిగొచ్చి సంగతి విన్నాడు, నమ్మలేదు. అబద్ధమాడుతున్నావని పిల్ల మీదకు వెళ్లాడు. శివుడు ఆ పిల్లను తనలో కలిపేసుకున్నాడు.

శివుడు పాలు తాగుతాడని ఆ పిల్లకు చెప్పింది ఆ తండ్రే. తాగాడంటే నమ్మనిదీ ఆ తండ్రే. మన ఇళ్లలో జరుగుతున్నది ఇంతకంటే వేరుగా ఉందా? దేవుడు దయామయుడని పిల్లలకు పద్యాలు వల్లె వేయిస్తాం. పరీక్షలో మార్కులు తగ్గితే దేవుడికి దండం పెట్టలేదు కాబట్టేనంటాం. అందరిలో ఉన్నాడంటాం, పక్కింటివాళ్ల ప్రసాదం ముట్టొద్దంటాం. పిల్లలు మన మాటల నుంచి కాదు, మనం భయపడే తీరు నుంచి, ఇతరుల్ని చూసే చూపు నుంచి తమ దేవుణ్ని గీసుకుంటారు. వాళ్ల చేతిలో మంచి బొమ్మ పెట్టాలనుకుంటే ముందు మన మనసులోనిది బయటికి తీసి చూసుకోవాలి. అది మనం నమ్ముతున్న దేవుడేనా, పిల్లల కోసం చెబుతున్న దేవుడా?